సైప్రస్ పల్లెటూళ్లో వేసవి పిట్టలు: పెరట్లోంచి సముద్రపు ఒడ్డు దాకా

పక్షుల్ని చూడ్డానికి సైప్రస్ ఎప్పుడు రావాలని ఎవర్నడిగినా ఏప్రిల్ అంటారు, లేదంటే అక్టోబర్ అంటారు. యూరప్‌కీ ఆఫ్రికాకీ మధ్య తిరిగే వలస పక్షులకి ఈ దీవి దారిలో మజిలీ కాబట్టి ఆ మాట నిజమే. కానీ పిల్లల బడికి సెలవులిచ్చేదీ, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేదీ, జర్మనీ నుంచో లండన్ నుంచో మనవాళ్లు చవక టికెట్లు పట్టుకుని దిగేదీ జూన్, జూలై, ఆగస్టుల్లోనే. వచ్చినవాళ్లకి బీచీ, కూరియన్ అనే పాతకాలపు నగరం శిథిలాలూ చూపించేశాక ఇంకేం చూపించాలో తెలీక నాకు ఫోన్ చేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాది కాకినాడ. ఉద్యోగం లిమసోల్‌లో, కాపురం ఆ ఊరికి పడమరన ఎపిస్కోపి అనే పల్లెలో. పల్లెలో ఎందుకంటే అద్దె తక్కువ. పిట్టలు కొసరు.

వేసవిలో ఇక్కడ పిట్టల వెనక మనం పడి లాభం లేదు. అవి ఎక్కడికి రాక తప్పదో అక్కడ ముందే వెళ్లి కూర్చోవాలి. నీళ్లు, నీడ, కరెంటు తీగ, కొండ అంచున పైకి లేచే గాలి: ఈ నాలుగే. మనకైతే రోహిణి కార్తె ఎంత మండినా దాని వెనకాలే వాన ఉంటుంది. మధ్యధరా వాతావరణం దానికి తిరగబడి ఉంటుంది. వాన చలికాలంలో పడుతుంది, ఎండాకాలమంతా చుక్క రాలడం అరుదు. మే చివరికే గడ్డి పసుపు రంగుకి తిరుగుతుంది, వాగులు ఎండిపోతాయి. మా ఊరి పక్కన పారే కూరిస్ నదికి పైన 1988లో పూర్తయిన పెద్ద డ్యాం ఉంది కాబట్టి కింద మిగిలింది రాళ్లూ, గన్నేరు పొదలూ. అందుకే వేసవిలో ఇక్కడ ఒక పళ్లెం నీళ్లకున్న విలువ ఏప్రిల్‌లో ఉండదు.

టైము సంగతి

జూన్‌లో అయిదున్నరకి తెల్లారుతుంది, రాత్రి ఎనిమిదికి గానీ పొద్దుగూకదు. చూడగలిగిందంతా పొద్దున తొమ్మిదిలోపు, మళ్లీ సాయంత్రం ఆరు తర్వాత. ఆ మధ్యలో ఒక్క రాబందులు తప్ప ఏవీ కదలవు. ఉప్పు నేలల మీద తొమ్మిది దాటితే ఎండమావులు మొదలవుతాయి, ఎంత ఖరీదైన టెలిస్కోప్ పెట్టినా గట్టు మీదున్న పిట్ట నీళ్లలో తేలుతున్నట్టు వణుకుతుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఊరంతా తలుపులేసుకుని పడుకుంటుంది, మీరూ పడుకోండి. ఆ టైములో పక్కవాళ్ల గోడ దగ్గర బైనాక్యులర్స్ పట్టుకుని తచ్చాడితే పిట్టల సంగతి దేవుడెరుగు, మర్యాద పోతుంది.

బైనాక్యులర్స్ 8×42 సరిపోతాయి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు కటకం వెడల్పు మిల్లీమీటర్లలో. పది రెట్లవి కొంటే చెయ్యి వణికినా, వేడికి గాలి వణికినా అంతా పెద్దదై కనబడుతుంది. పెరట్లో చూడ్డానికి రెండు మూడు మీటర్ల దగ్గరలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేసేవి అయితే మంచిది, కొనేటప్పుడు షాపులోనే మీ బూట్ల లేసుల వైపు తిప్పి చూసుకోండి. ఫోన్‌లో మెర్లిన్ యాప్ వేసుకుని ఈ ప్రాంతం పక్షుల ప్యాక్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కూతలు గుర్తుపట్టడానికి బాగా పనికొస్తుంది. అయితే అది పేరు చెప్పింది కదా అని లిస్టులో రాసేయకండి, కళ్లతో చూశాకే రాయండి.

చెప్పులు వద్దు, మడమ కప్పే బూట్లు వేసుకోండి. ఇక్కడ ఫీనా అని పిలిచే ఒక విషసర్పం ఉంది. మన రక్తపింజర కుటుంబమే, లావుగా, మట్టిరంగులో ఉంటుంది. వేసవిలో అదీ నీళ్ల కోసమే తిరుగుతుంది. రాతి గోడ మీద చెయ్యి ఆనించేముందు చూసుకోవాలి, ఎండిన గడ్డిలోకి అడుగు పెట్టేముందు కర్రతో తట్టాలి.

ముందు ఇల్లు, తర్వాతే బీచి

వెకేషన్‌కి వచ్చినవాళ్లు దిగీ దిగగానే కారెక్కుతారు. నేనైతే మొదటి రోజు గుమ్మం దాటొద్దంటాను. ఇక్కడి పాత రాతి ఇళ్లకి మధ్యలో వాకిలి ఉంటుంది, ద్రాక్ష పందిరి ఉంటుంది, ఒక నిమ్మ చెట్టో దానిమ్మో అంజూరమో తప్పకుండా ఉంటుంది. ఊరి చుట్టూ అంతా ఎండిపోయి ఉంటే తడి ఉండేది ఆ వాకిట్లోనే.

నీళ్ల పళ్లెం పెట్టడానికీ ఒక పద్ధతి ఉంది. పూలకుండీ కింద పెట్టే వెడల్పాటి మట్టి పళ్లెం తీసుకోండి. ప్లాస్టిక్‌దీ, గాజుదీ వద్దు, కాళ్లు జారతాయి. లోతు మూడు నాలుగు సెంటీమీటర్లు మించకూడదు, మధ్యలో నీళ్లపైకి తేలేలా ఒక గరుకు రాయి ఉండాలి. ఉదయం పదకొండు తర్వాత నీడ పడే చోటు చూసి పెట్టాలి, లేకపోతే మధ్యాహ్నానికి స్నానపు వేణ్నీళ్లు తయారవుతాయి. రోజూ పారబోసి కొత్తవి పోయాలి, దోమల వల్ల.

అన్నిటికంటే ముఖ్యం పిల్లుల సంగతి. సైప్రస్‌లో మనుషుల కంటే పిల్లులెక్కువని జోకు. 2004లో ఇక్కడి షిల్లూరోకాంబోస్ అనే తవ్వకాల చోట మనిషి పక్కనే పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం బయటపడిందని ప్రకటించారు, 9,500 ఏళ్ల నాటిది. అంత పాత కాపురం కాబట్టి పిల్లుల్ని తరిమే ఆలోచన మానుకుని, పళ్లెం ఎక్కడ పెట్టాలో ఆలోచించండి. పొదకి రెండు మీటర్ల దూరంగా, నడుమెత్తు గోడ మీద పెట్టాలి. దగ్గర్లో ముళ్లున్న కొమ్మ ఉంటే ఇంకా మంచిది. పిట్ట ముందు అక్కడ వాలి, నాలుగు వైపులా చూసుకుని దిగుతుంది.

నీళ్లు కనబడటం కంటే వినబడటం ముఖ్యం. మా ఏసీ పైపు నుంచి టప్ టప్‌మని కారే నీళ్ల దగ్గర పిచ్చుకలు గుమిగూడుతుంటే చూసి నాకీ ఉపాయం తట్టింది. వాటర్ బాటిల్ మూతకి సూదితో చిన్న బెజ్జం పెట్టి, తలకిందులుగా పందిరికి కట్టి, చుక్క నేరుగా పళ్లెంలో పడేలా వేలాడదీయండి. మొదట పిచ్చుకలే వస్తాయి. పిచ్చుకలు నిర్భయంగా స్నానం చేస్తున్నాయంటే మిగతావాటికి ధైర్యం వస్తుంది. ఎర్ర ముఖం, రెక్క మీద పసుపు పట్టీ ఉన్న గోల్డ్‌ఫించ్‌లు గుంపుగా దిగుతాయి. ఆ తర్వాత ఆకుపచ్చ గ్రీన్‌ఫించ్, నల్ల తలా తెల్ల బుగ్గలూ ఉన్న గ్రేట్ టిట్. సార్డీనియన్ వార్బ్లర్ మాత్రం ఎప్పుడూ దొంగదారినే వస్తుంది. ముందు నిమ్మ చెట్టు లోపల టకటకమని గొంతు వినబడుతుంది, తర్వాత ఒక ఆకు కదులుతుంది, అప్పుడు నల్ల తల, దానిలో ఎర్రటి కంటి వలయం ఒక్క క్షణం బయటికొచ్చి మళ్లీ లోపలికి పోతుంది. మీరు కదలకపోతే నాలుగోసారికి పళ్లెం అంచున ఉంటుంది. కాఫీ కప్పు ముందే చేతిలో పెట్టుకుని కూర్చోండి, మధ్యలో లేవడానికి వీల్లేదు.

దీన్ని పోలినదే సైప్రస్ వార్బ్లర్. ప్రపంచంలో ఈ దీవి మీద తప్ప ఇంకెక్కడా గూడు కట్టదు, దాని కోసమే విమానమెక్కి వచ్చేవాళ్లున్నారు. తేడా పట్టుకోవడం మగవాటిలో తేలిక: సార్డీనియన్ పొట్ట మచ్చల్లేని బూడిద రంగు, సైప్రస్‌దానికి తెల్ల పొట్ట నిండా నల్లటి చుక్కలు. ఇది ఊళ్లలోకి పెద్దగా రాదు, కొండవాలు మీది పొదల్లో పొద్దున్నే వెతకాలి.

అంజూరం చెట్టుంటే పై కొమ్మల పళ్లు కోయకుండా వదిలేయండి. ఆగస్టు చివర్లో బంగారు రంగు వంగపండు పిట్టలు ఉత్తరం నుంచి దిగి సరిగ్గా వాటి కోసమే వస్తాయి. ఇవీ మన దగ్గర చలికాలంలో మామిడి తోటల్లో కనిపించేవీ దగ్గరి చుట్టాలే.

చూరు కిందా, మేడ మీదా

చూరు కింద గూళ్లు చూస్తే చాలు, పిట్ట కనబడకపోయినా ఎవరిల్లో చెప్పేయొచ్చు. పైన మూత లేని మట్టి గిన్నె అయితే అది మామూలు స్వాలోది, పాత గాడిదల కొట్టాల్లో, గ్యారేజీల్లో కడుతుంది. చూరుకి అంటుకుని మొత్తం మూసేసి, పైన ఒక్క చిన్న కన్నం మాత్రం వదిలితే హౌస్ మార్టిన్‌ది, ఎగిరేటప్పుడు దాని నడుము మీద తెల్ల మచ్చ తళుక్కుమంటుంది. మూడోది నాకిష్టమైనది, రెడ్ రంప్డ్ స్వాలోది. కూజాని నిలువునా కోసి, మెడతో సహా సీలింగ్‌కి అతికించినట్టుంటుంది. వాగు మీది కల్వర్టుల కింద, పాడుబడ్డ ఇళ్లలో వెతకండి. కల్వర్టు లోపలికి దూరకుండా, ఎదుటి గట్టున కూర్చుని చూడండి. మెడ చివర తడి మట్టి ఇంకా ముదురు రంగులో ఉంటే కట్టుబడి నడుస్తోందని అర్థం. ఎండిపోయిన వాగులో ఇంత తడి మట్టి ఎక్కణ్నుంచి తెస్తున్నాయా అని చూస్తే, తోటలకి పెట్టిన డ్రిప్ పైపు కారే చోట వరసగా వాలి ముక్కుల్లో ఉండలు నింపుకుంటున్నాయి.

గూడు కింద రెట్టలు పడుతున్నాయని చీపురుతో కొట్టేయకండి. గూళ్లు పడగొట్టడం చట్టప్రకారం నేరం కూడా. మా పక్కింటి యాయా, ఇక్కడ పెద్దావిడల్ని అలాగే పిలుస్తారు, అమ్మమ్మా అన్నట్టు, గూటికి కాస్త కిందగా ఒక చెక్క ముక్క మేకు కొట్టింది. అంతే, గుమ్మం శుభ్రం.

సాయంత్రం ఏడున్నరకి డాబా ఎక్కితే స్విఫ్టులు. మారుతి కారుకి పెట్టిన పేరు వీటిదే. చర్చి గంటగోపురం చుట్టూ కీచుమంటూ గుంపులుగా తిరుగుతాయి. తిండి, నిద్ర, సంసారం అన్నీ గాల్లోనే, గుడ్లు పెట్టడానికి తప్ప వాలవు. ఇవి చూడాలంటే జూన్‌లోనే రావాలి. జూలై సగానికొచ్చేసరికి చాలావరకు ఆఫ్రికా దారి పట్టేస్తాయి, ఒకరోజు సాయంత్రం ఊరు ఎందుకింత నిశ్శబ్దంగా ఉందా అని తోస్తే కారణం అదే. ఎండకి పెంకుల కింద ఉడికి పిల్ల స్విఫ్ట్ కిందపడితే గాల్లోకి విసరకండి. అట్టపెట్టెలో నీడన పెట్టండి. రెక్కలు తోక దాటి పొడవుగా పెరిగి ఉంటే చల్లబడ్డాక ఎత్తైన చోట అరచేతిలో ఉంచి చెయ్యి చాపండి, ఎగరగలిగితే అదే ఎగురుతుంది. రెక్కలు ఇంకా పొట్టిగా ఉంటే పక్షుల సంరక్షణ చూసేవాళ్లకి అప్పగించాలి.

చీకటి పడ్డాక అదే డాబా మీద ఇంకో పావుగంట ఉండండి. సైప్రస్ స్కాప్స్ గుడ్లగూబ, ఊళ్లోవాళ్లు థూపీ అంటారు, మన పైడికంటి పిట్టంతే ఉంటుంది. యూరప్‌లో మిగతా చోట్ల స్కాప్స్ ఒకే స్వరం వదిలి వదిలి పలుకుతుంది. ఇక్కడిది ఆ స్వరం వెనకాల రెండోది కూడా కలుపుతుంది. రంగు ముదురు, స్వరం వేరు అని దీన్ని విడి జాతిగా లెక్కేసే శాస్త్రవేత్తలున్నారు. ఊరి నడిమి పెద్ద చెట్లు, యూకలిప్టస్‌లు, ఆలివ్ తోటలు దీని స్థావరాలు. ఫోన్‌లో కూత వినిపించి పిలవకండి, పిల్లలున్న సీజన్‌లో దాన్ని ఊరికే టెన్షన్ పెట్టినట్టవుతుంది. టార్చి కూడా వద్దు, వీధిలైటు కిందే పురుగుల కోసం దిగుతుంది.

కరెంటు తీగలు

పొద్దున ఆరింటికి కారు తీసి ఊరి బయట పొలాల మధ్య గంటకి ఇరవై కిలోమీటర్ల స్పీడుతో వెళ్లండి. ఇక్కడ మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, బ్రిటిష్‌వాళ్ల పుణ్యం, కాబట్టి కష్టం లేదు. కారు దిగకండి. మనిషిని చూస్తే ఎగిరే పిట్ట కారుని లెక్కచేయదు. అద్దం దించి, ఇంజిన్ ఆపి, బైనాక్యులర్స్ కిటికీ అంచున ఆనించండి.

తీగ మీద నల్ల తల, పసుపు పొట్ట, ఎర్రమట్టి రంగు వీపు ఉన్నది బ్లాక్ హెడెడ్ బంటింగ్. ఇక్కడి వేసవి పక్షులు చాలావరకు చలికాలానికి దక్షిణంగా ఆఫ్రికా పోతుంటే, ఇది మాత్రం తూర్పుకి తిరిగి మన దేశం వస్తుంది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ వైపు జొన్నచేలల్లో గుంపులుగా దిగేది ఇదే. జూలై చివరికి తీగలు ఖాళీ చేస్తుంది కాబట్టి దీన్నీ జూన్‌లోనే చూసుకోవాలి.

నలుపు తెలుపు పిట్ట, పిచ్చుక కంటే కాస్త చిన్నది, తీగ మీదో చెట్టు కొసనో కూర్చుని జర్రుమంటుంటే అది సైప్రస్ వీటియర్. ఈ దీవి మీద మాత్రమే గూడు కట్టే రెండో పక్షి ఇది. మార్చిలో ఇథియోపియా, సూడాన్ వైపు నుంచి వస్తుంది. దీని పాట అచ్చం ఇలకోడి రొదలా ఉంటుంది. జూలైలో చెట్టంతా నిజం ఇలకోళ్లే ఉంటాయి కదా, ఎలా పట్టుకోవడం? ఇలకోడి ఆగకుండా సాగదీస్తుంది. వీటియర్ కొంచెం పాడి ఆపుతుంది, మళ్లీ అందుకుంటుంది. ఆగిన చోటికి చూడండి.

ఇక రోలర్. మన పాలపిట్టకి తోబుట్టువు. దసరాకి పాలపిట్టని చూసే అలవాటున్న మా అత్తయ్యగారు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు తీగ మీద దీన్ని చూసి జూన్ నెలలో దణ్ణం పెట్టేశారు. నేనేం అనలేదు. తేడా ఏంటంటే దీనికి తలా మెడా పొట్టా అంతా లేత నీలం, వీపు ఇటుకరంగు. మనదానికి మెడా రొమ్మూ గోధుమ వన్నెలో సన్నటి చారలతో ఉంటాయి. ఎగిరినప్పుడు రెక్కల్లో ఆ నీలం మాత్రం రెంటికీ ఉంది. మట్టి గట్ల కన్నాల్లో, మనుషులు వదిలేసిన ఊళ్ల గోడల్లో గూడు పెడుతుంది. గూడు తెలిస్తే దూరంగా ఉండండి, ఫొటో కోసం దగ్గరికి పోతే వదిలేసి పోవచ్చు.

చకోరాల గుంపు పొద్దున్నే మట్టి రోడ్డు దాటుతుంటే కూడా ఆగండి. పెద్దవి దాటాక పిల్లలు వరసగా వస్తాయి, వెనకబడ్డది ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పుప్పుప్ అని మూడు దెబ్బలు కొట్టినట్టు కూసి తల మీద కిరీటం విప్పేది హూపో, మన ఊళ్లలో చూసినదే.

సముద్రం ఒడ్డు

లిమసోల్‌కి దక్షిణంగా అక్రోతిరి ద్వీపకల్పం ఉంది. మధ్యలో పెద్ద ఉప్పు సరస్సు, తూర్పున లేడీస్ మైల్ అనే పొడవాటి ఇసుక తీరం. ఓ బ్రిటిష్ అధికారి రోజూ అక్కడ తిప్పిన ఆడగుర్రం పేరు లేడీ అట, అందుకని ఆ పేరు. ఈ చిత్తడి నేలలకి 2003లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేల అనే గుర్తింపు, వచ్చింది. పులికాట్‌కి వచ్చే ఫ్లెమింగోలే ఇక్కడికీ వస్తాయి, కానీ చలికాలంలో. జూలైకి సరస్సు తెల్లటి ఉప్పు పెచ్చుగా మిగులుతుంది, ఫ్లెమింగోలు చూపిస్తానని చుట్టాలకి మాటిచ్చి తీసుకెళ్లకండి.

అయినా జూన్‌లో లేడీస్ మైల్‌కి ఆరులోపు వెళ్లండి, బీచి జనం రాకముందే. ఇసుక రంగులో, గుప్పెడంత ఉండి, నాలుగు అడుగులు పరిగెత్తి ఠక్కున ఆగేది కెంటిష్ ప్లోవర్. అది ఇసుకలో చిన్న గుంట తవ్వి గుడ్లు పెట్టేస్తుంది, గూడంటూ ఏమీ ఉండదు. తల్లి రెక్క విరిగినట్టు ఈడుస్తూ మీ ముందు నుంచి పోతోందంటే, మీరు గుడ్ల దగ్గర్లో ఉన్నారని అర్థం. దాని నటనకి మెచ్చుకుని ఫొటోలు తీస్తూ నిలబడకుండా, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. కారు మాత్రం తారురోడ్డు మీదే ఆపండి. ఇసుకలోకి ఎక్కించే జీపులే ఈ పిట్టకి పెద్ద శత్రువులు.

ఉత్తరాన కొత్త రేవు వైపు జకాకి చిత్తడి ఉంది, చాటున కూర్చుని చూసే చెక్క గది ఉంది. రెల్లు మధ్య నీటికోళ్లు, ఎర్రకాళ్ల స్టిల్ట్‌లు, అదృష్టముంటే రెల్లుకాడని రెండు కాళ్లతో పట్టుకుని బిగుసుకుపోయిన లిటిల్ బిట్టర్న్. పడమటి పక్క ఫసూరి రెల్లు, దానికి వెళ్లే రోడ్డుకి రెండు వైపులా సైప్రెస్ అనే రకం చెట్లు సొరంగంలా కమ్మి ఉంటాయి, ఆ నీడ కోసమైనా వెళ్లొచ్చు. అక్రోతిరి ఊళ్లో పర్యావరణ విద్యా కేంద్రం ఉంది, పిల్లలతో వెళితే ముందు అక్కడ ఆగండి.

జూలై గురించి ఒక మాట. మనకి నడి వేసవి, పక్షులకి అప్పుడే తిరుగు ప్రయాణం. ఉత్తర దేశాల్లో గుడ్లు పెట్టేసిన గ్రీన్ శాండ్‌పైపర్‌లు జూన్ చివర్నుంచే నీటిగుంటల దగ్గర దిగుతాయి. జూలైలో వుడ్ శాండ్‌పైపర్‌లు, లిటిల్ స్టింట్‌లు, గ్రేటర్ శాండ్ ప్లోవర్‌లు తోడవుతాయి. నీళ్లు ఎంత తగ్గితే మిగిలిన గుంట దగ్గర అంత గుంపు. లార్నకా విమానాశ్రయంలో దిగేవాళ్లు లార్నకాకి అవతలి వైపున్న ఒరోక్లినీ సరస్సు కూడా చూసి రావచ్చు. మన తీతువుకి చుట్టం, నల్ల టోపీ పెట్టుకున్న స్పర్ వింగ్డ్ లాప్‌వింగ్, అక్కడ పిల్లల్ని చేస్తుంది. తీతువు ఎంత గోల పెడుతుందో ఇదీ అంతే.

జాగ్రత్త ఒకటి: ద్వీపకల్పంలో పెద్ద భాగం బ్రిటిష్ సైనిక స్థావరం. కంచెల వైపు, విమానాల వైపు బైనాక్యులర్స్ గానీ కెమెరా గానీ తిప్పకండి. పిట్ట సరిగ్గా యాంటెన్నా మీద కూర్చున్నా సరే.

కొండ అంచు

కూరియన్‌కి పడమరగా సముద్రంలోకి నిలువునా దిగే తెల్లటి సున్నపురాతి కొండలున్నాయి, కెన్సింగ్టన్ క్లిఫ్స్ అంటారు. వేసవిలో సైప్రస్‌లో ఒక్క చోటే చూసే టైముంటే నేను ఇక్కడికే పంపుతాను. అంచు రాయి పెళుసు, ఊడిపోతుంది. నాలుగైదు మీటర్లు వెనకే కుర్చీ వేసుకోండి.

పొద్దున తొమ్మిది పదింటికి నేల వేడెక్కాక గ్రిఫన్ రాబందులు లేస్తాయి. రెక్కలు చాపితే దాదాపు రెండున్నర మీటర్లు, ఒక్కసారి కూడా కొట్టకుండా మీ కళ్ల ఎత్తులోనే పక్క నుంచి పోతాయి. ఒకప్పుడు ఈ దీవంతా ఉండేవి. తోడేలు లేని ఈ దేశంలో నక్కలకీ కుక్కలకీ పెట్టిన విషం తిని చచ్చి, వేళ్ల మీద లెక్కపెట్టే స్థితికొచ్చాయి. మొదట క్రీట్ నుంచి, 2022 నుంచి స్పెయిన్‌వి తెచ్చి వదులుతున్నారు. రెక్క మీద నంబరు బిళ్ల కనబడితే రాసుకుని, పక్షుల రక్షణ కోసం పనిచేసే బర్డ్‌లైఫ్ సైప్రస్ సంస్థవాళ్లకి పంపండి, వాళ్లకి పనికొస్తుంది.

సాయంత్రం అయిదున్నర నుంచి ఎలియొనోరా డేగలు. సన్నటి పొడవాటి రెక్కలు, పొడవాటి తోక. కొన్ని ఒళ్లంతా ముదురు చాక్లెట్ రంగు, కొన్నిటికి తెల్ల గొంతు, ఇటుకరంగు పొట్ట. రెండూ ఒకే జాతి, ఒకే గూట్లో కూడా పుడతాయి. లోకమంతా వసంతంలో గుడ్లు పెడితే ఇది జూలై చివర, ఆగస్టులో పెడుతుంది. ఉత్తరం నుంచి చిన్న పిట్టలు వలస దిగే సమయానికి దీని పిల్లలకి ఆకలి మొదలవ్వాలి, అదీ లెక్క. జూన్, జూలైలో మాత్రం పురుగులే తిండి. డేగ గాలికి ఎదురుగా ఒకే చోట నిలబడి, కాళ్లతో తూనీగని పట్టి, ఎగురుతూనే కాళ్లు ముక్కు దగ్గరికి తెచ్చి తినేస్తుంది. బైనాక్యులర్స్‌లో చూస్తుంటే ఊడిన తూనీగ రెక్కలు మెరుస్తూ కిందికి పోవడం కూడా కనబడుతుంది. అక్టోబరులో ఇవి మడగాస్కర్ బయల్దేరతాయి.

అదే కొండ పగుళ్లలో ఆల్పైన్ స్విఫ్టులు. మామూలు స్విఫ్ట్ కంటే బాగా పెద్దవి, పొట్ట తెలుపు. మీ తల మీదుగా పోతే రెక్కల చప్పుడు వినబడుతుంది.

ఆగస్టు చివర

ఆగస్టు ఇరవై దాటితే మళ్లీ ప్రాణం వస్తుంది. సాయంత్రాలు సముద్రం మీద కొంగలు బారులు కడతాయి. పసిరిక పిట్టల గుంపులు, మన పసిరికకి పెద్దన్నలు, గొంతు పసుపు, వీపు ఎర్రమట్టి రంగు, ప్రుర్ ప్రుర్‌మంటూ చాలా ఎత్తులో పోతాయి, ముందు చప్పుడే వినబడుతుంది. రాజస్థాన్ ఖిచన్‌లో చలికాలం గడిపే డెమాయిజెల్ క్రేన్‌ల జాతిదే ఇంకో దండు ఆగస్టు ఆఖరి వారంలో అక్రోతిరి మీదుగా ఆఫ్రికా పోతుంది. తెల్లవారుజామున ఉప్పు సరస్సు దగ్గర ఉంటే దొరకొచ్చు.

ఇదే సమయంలో వేట కూడా మొదలవుతుంది. వేట రోజుల్లో పొలాల్లోకి వెళ్లకండి, ఊళ్లో కాఫీ షాపులో అడిగితే ఏ రోజో చెబుతారు. అనుమతి ఉన్న వేట సంగతి అది. అనుమతి లేనిది వేరే ఉంది. బ్లాక్‌క్యాప్ లాంటి చిన్న పిట్టల్ని పట్టి, అంబెలోపూలియా అని వండి దొంగచాటుగా అమ్ముతారు. 1974 నుంచీ వలలూ, పిట్టలు అంటుకుపోయేలా కొమ్మల మీద పెట్టే జిగురు పుల్లలూ నిషేధం, అయినా పూర్తిగా ఆగలేదు. ఆ జిగురు తీసేది దేని నుంచో కాదు, మన నక్కెర చెట్టు జాతి కాయల నుంచే.

పొదల మధ్య చెట్టు కొమ్మకి అడ్డంగా, సహజంగా లేని తిన్నని పుల్ల కనబడినా, చెట్ల వరసల మధ్య సన్నటి నల్ల వల కనబడినా, తెల్లవారకముందే పొదల్లోంచి స్పీకర్లో పిట్ట పాట ఆగకుండా వినబడినా అదే. ముట్టుకోకండి, ఫొటో కోసం నిలబడకండి, అక్కడున్న మనిషితో వాదన పెట్టుకోకండి. నడుస్తూనే ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకుని, కారెక్కాక ఆ ప్రాంతం వేట విభాగానికి, స్థావరం భూమి అయితే స్థావరం పోలీసులకి, ఫోన్ చేయండి. బర్డ్‌లైఫ్ వాళ్లకి కూడా ఒక మెసేజ్ పెట్టండి. నంబర్లు ఊళ్లోకి వచ్చిన మొదటి రోజే ఫోన్‌లో పెట్టుకోవాలి, కొండ వెనక పొలాల్లో సిగ్నల్ సరిగా ఉండదు.